వాయిదా పడ్డ వేసవి

మంచుకొండ అన్న ఇంటిపేరు విని వాళ్ళేదో హిమాలయాల నుంచి దిగొచ్చిన వంశం అనుకుంటే పొరపాటు. వాళ్ళది బెజవాడ వన్‌టౌన్. ఆ ఊళ్ళో మంచు అన్నది ఇంటిపేరులో తప్ప ఇంకెక్కడా కనిపించదు. చలికాలం వచ్చిందనడానికి గుర్తు ఫ్యాను రెగ్యులేటరు ఒక గీత వెనక్కి తిరగడం, అంతే. అలాంటి ఊళ్ళో మంచుకొండ పిచ్చయ్య రంపపు పొట్టులో చుట్టిన ఐసుగడ్డల్ని సైకిలు మీద పెట్టుకుని అమ్మడం మొదలుపెట్టాడు. గడ్డ కరిగేలోపు గడప ఎక్కాలి, అదే అతని వ్యాపార రహస్యం. ఐసు నుంచి వట్టివేళ్ళ తడికెలకి వచ్చాడు. తడికెల నుంచి కూలర్లకి వచ్చాడు. ఏసీలు వచ్చి కూలర్లు కూలాక, ఆటోనగర్‌లో షెడ్డు వేసి ఏసీలు తనే తయారుచేయించాడు. ఏసీలు ఎవరూ అడగని నెలల్లో పనివాళ్ళు ఖాళీగా కూర్చోకుండా అరకు, లంబసింగి హోటళ్ళకి గదులు వెచ్చబెట్టే హీటర్లు చేయించాడు.

"ఏడాది పొడుగునా జనానికి వాతావరణం ఏదో ఒకటి నచ్చదురా. మన అన్నం అందులోనే ఉంది" అనేవాడు కొడుకు పాండురంగంతో.

పిచ్చయ్య బిగించిన మొదటి ఏసీ ఒక బట్టల షావుకారు పడగ్గదిలోది. కిటికీలో కూర్చునే రకం. ముందునుంచి షావుకారుకి చల్లగాలి, వెనకనుంచి సందుకి వేడిగాలి. సందుకి అవతల వలీ సాహెబ్ అనే దర్జీ కొట్టు ఉంది. వారం తిరక్కుండా పిచ్చయ్య అటువెళ్తే సాహెబ్ కుట్టుమిషను రోడ్డు మీద, ఎండలో కనిపించింది.

"ఏం సాయిబు గారూ, మిషను బజార్న పడింది?"

"ఏం లేదు పిచ్చయ్య గారూ. లోపల కాస్త ఉడుకుతోంది. పర్వాలేదులెండి, షావుకారు గారికి చల్లగా ఉందిగా."

ఆ మాటలో వెటకారం వెతికినా దొరకలేదు. ఉంటే పిచ్చయ్య ఆ రాత్రి హాయిగా నిద్రపోయేవాడే. పొద్దున్నే వెళ్ళి ఏసీ ఊడదీసి, తన ఖర్చుతో దాన్ని రెండుగా విడగొట్టించి, వెనక భాగాన్ని మేడ మీదకి, ఆకాశం వైపుకి తిప్పి పెట్టించాడు. ఆనాటి నుంచి కంపెనీలో ఒక కట్టుబాటు పడింది. మంచుకొండవారి ఫిట్టరు ఏసీ బిగించే ముందు పక్కింటికి వెళ్ళాలి, మంచినీళ్ళు అడిగి తాగాలి, 'మా వేడి మీ వైపు వస్తుంది, ఎటు తిప్పమంటారు' అని అడగాలి. అవతలివాళ్ళు సరేననేదాకా స్క్రూ ముట్టుకోకూడదు. పోటీ కంపెనీవాళ్ళు నవ్వేవారు, "మంచుకొండోళ్ళు ఏసీ బిగించరు, పెళ్ళిచూపులకి వెళ్తారు" అని. నవ్వినవాళ్ళ ఏసీల మీద పక్కింటివాళ్ళు కేసులు వేశారు. మంచుకొండవారి ఏసీల మీద పక్కింటివాళ్ళు బట్టలు ఆరేసుకున్నారు.

దానికి తోడు రెండో కట్టుబాటు: కొత్త మోడలు ఏదైనా ముందు యజమాని ఇంట్లో ఏడాది ఆడాలి. మన ఇంట్లో పెట్టుకోలేనిది ఊరి ఇళ్ళలో పెట్టకూడదు. పిచ్చయ్య పోయాక పాండురంగం ఈ రెంటినీ తండ్రి ఫొటోకి దండ వేసినంత శ్రద్ధగా పాటిస్తూ వచ్చాడు. అతనికి యాభై దాటాయి. పొట్ట కొంచెం, నోరు చాలా. డీలర్ల మీటింగులో మైకు పట్టుకుంటే, "మనం అందరి మీదా శీతకన్ను వెయ్యాలి, అదే మన వృత్తి" అని మొదలుపెట్టేవాడు. మైకు పోయినా వినబడే గొంతు.

ఒకరోజు ఆటోనగర్ షెడ్డు వెనక ప్రయోగశాలలో అతని అన్నకూతురు తులసి అతని చేతిలో టీ గ్లాసు లాగేసుకుంది. తులసి భౌతికశాస్త్రం చదివింది. చదివి ఊరుకోకుండా, బాబాయి కంపెనీలో ఒక మూల ఇనప పెట్టెతో ఏళ్ళ తరబడి కుస్తీ పడుతోంది.

"అదేవిటే, ఇంకా నోట్లో పెట్టలేదు."

"పెట్టకపోబట్టే లాక్కున్నా. వేడిగా ఉండాలి."

గ్లాసు పెట్టెలో పెట్టి మీట నొక్కింది. వెంటనే తీసి ఇచ్చింది. కుండలో నీళ్ళలా చల్లగా ఉంది. పాండురంగం టీ సంగతి వదిలేసి పెట్టె వెనక్కి వెళ్ళి తడిమాడు. పక్కలు తడిమాడు. వంగి కింద తడిమాడు. ఎక్కడా వెచ్చదనం లేదు. నలభై ఏళ్ళుగా అతనికి తెలిసిన సత్యం ఒక్కటే, చల్లబరచడం అంటే వేడిని ఒకచోటి నుంచి ఇంకోచోటికి మోసుకెళ్ళే కూలిపని.

"వేడి ఎక్కడికి పోయిందే?"

"ఎక్కడికీ పోలేదు బాబాయ్. ఎప్పటికో పోయింది. కూర్చో."

కూర్చున్నాడు. పిన్ని మోకాళ్ళ నొప్పుల గురించి మాట్లాడుకున్నారు. పాండురంగం కూతురు హైమకి నెల తప్పిందన్న కబురు గురించి మాట్లాడుకున్నారు. అంతలో ఖాళీ పెట్టె టిక్కుమంది. ఇనుము వేడెక్కి వ్యాకోచించినప్పుడు చేసే చప్పుడు. పాండురంగం చెయ్యి పెట్టి చటుక్కున లాక్కున్నాడు.

"అదుగో, నీ టీ వేడి ఇప్పుడొచ్చింది" అంది తులసి. "ఇక్కడ తీసుకున్న వేడి ఇక్కడికే వస్తుంది, కాకపోతే తర్వాత. పెట్టెని ఇంకోచోట పెట్టినా సరే, వేడి మాత్రం తను బయల్దేరిన చోటికే వస్తుంది. మధ్యలో వెనక్కి పిలవలేం. అది వచ్చి వాలినప్పుడు మాత్రం మళ్ళీ పట్టుకుని ఇంకా ముందుకి పంపొచ్చు."

పాండురంగం చాలాసేపు మాట్లాడలేదు. కంపెనీ చరిత్రలో అది రికార్డు. వెనక భాగమే లేని ఏసీ. సందులోకి వేడి ఊదని ఏసీ. బెజవాడ ఎండని దాచిపెట్టి, అది పనికొచ్చే నెలలో ఇచ్చే ఏసీ. అంటే ఏసీ, హీటరు ఒకే పెట్టెలో. మీసం తుడుచుకుంటున్నట్టు కళ్ళు తుడుచుకున్నాడు.

దానికి 'వాయుదా' అని పేరు పెట్టాడు. రెండోరోజుకే ఫ్యాక్టరీలో అందరూ వాయిదా అనడం మొదలుపెట్టారు. అతనూ సరిదిద్దలేదు, ఆ పేరే నిజమైంది కాబట్టి.

రిమోటులో ఏ నెలకి పంపాలో తిప్పే చక్రం ఒకటి ఉంటుంది, ఒక చుట్టు తిప్పితే ఒక ఏడు ముందుకి. తులసి దాని మీద జనవరి, ఫిబ్రవరి అని రాయిస్తే పాండురంగం ఒప్పుకోలేదు.

"మన కంపెనీలో జీతాలు తప్ప అన్నీ పంచాంగం ప్రకారమే. చైత్రం, వైశాఖం అని రాయించు. ఇంట్లో అమ్మమ్మలు కూడా తిప్పగలగాలి."

"నెలంటే ఒక అమావాస్య నుంచి ఇంకో అమావాస్య దాకా కదా? సరే, అమావాస్యలే లెక్కపెట్టమని దానికి నేర్పుతాను" అంది తులసి.

కట్టుబాటు ప్రకారం మొదటి వాయిదా వన్‌టౌన్ ఇంటి నడిమిగదిలో వెలిసింది. ఫిట్టరు అలవాటుగా పక్కింటికి బయల్దేరితే పాండురంగం ఆపేశాడు. "దీనికి పక్కిల్లే లేదయ్యా. నీళ్ళు మా ఇంట్లోనే తాగు." వేడిని ఎప్పటికి పంపాలన్న దానికి ఎక్కువ ఆలోచించలేదు. పుష్యమాసం. అది శూన్యమాసం, పెళ్ళిళ్ళూ పేరంటాలూ ఉండవు, చుట్టాలు రారు. ఆ నెల గదికి తాళం వేసి, వేడి మెల్లమెల్లగా ఎలా వస్తుందో తులసి కొలుచుకుంటుంది.

ఆ వేసవి బెజవాడ పెనం మీద అట్టు. మంచుకొండవారి నడిమిగది మాత్రం మాఘమాసపు సాయంత్రం. పాండురంగం భార్య అనసూయ మధ్యాహ్నం పూట దుప్పటి కప్పుకుని పడుకునేది. వీధివాళ్ళు వచ్చి వెనకవైపు వేడిగాలి కోసం వెతికి, దొరక్క, చేతులు వెనక్కి కట్టుకుని వెళ్ళేవారు. అమ్మకాలు చూసే రాఘవులు కాళ్ళు నేల మీద ఆనలేదు. ఉగాదికి బజారులోకి తెద్దామన్నాడు, బుకింగులు తీసుకోవడం మొదలుపెట్టాడు.

కార్తీకంలో హైమ ప్రసవించింది. ఆడపిల్ల. బాలింతకి ఇంట్లో గాలి తగలని గది నడిమిగదే. "పుష్యం వచ్చేలోపు మేడ మీదకి మార్చేద్దాం" అన్నాడు పాండురంగం. దానికి ఇంకా బోలెడు టైముంది.

మార్గశిరం మొదట్లో అనసూయ గదిలోంచి మురిసిపోతూ వచ్చింది. "ఏవండీ, కుంపటి పెట్టకుండానే ఎంత వెచ్చగా ఉందో చూశారా? పిల్లకి ఇంకా కడుపులోనే ఉన్నట్టుంది."

"మా నాన్న కట్టించిన గోడలే అవి" అన్నాడు పాండురంగం గర్వంగా.

బాలింత గది వెచ్చగా ఉందంటే అనుమానపడే ఇల్లు బెజవాడలో లేదు. అనసూయ కిటికీ సందుల్లో పాత చీరముక్కలు కుక్కింది. తలుపు కింద గోనెపట్టా పరిచింది. హైమ ఒకటి రెండుసార్లు, "అమ్మా, ఉక్కగా ఉందే" అంది. "బాలింతవి, ఉక్క మంచిదే" అంది తల్లి, తనకి తన తల్లి చెప్పినట్టే. సాంబ్రాణి పొగ వేసి తలుపు గట్టిగా మూసింది.

ఒక మధ్యాహ్నం పాండురంగం భోజనానికి వచ్చి, కాళ్ళు కడుక్కుని మనవరాలిని చూద్దామని నడిమిగది గొళ్ళెం పట్టుకున్నాడు. వేళ్ళు చురుక్కుమన్నాయి.

"హైమా."

పలకలేదు.

"పాలిస్తూ గడియ పెట్టుకుంది. నిద్దరోతున్నారేమో, లేపకండి" అంది అనసూయ వంటింట్లోంచి.

పిల్ల ఏడుపు వినిపించలేదు. తలుపు మీద చెవి పెడితే చెవి కాలింది. పాండురంగం అరిచాడు, తన్నాడు. అది పిచ్చయ్య ఏరి కొన్న బర్మాటేకు తలుపు. తనివితీరా తన్నించుకుని ఊరుకుంది. అనసూయ వచ్చి తలుపు మీద చేతులు వేసి, తీసేసి, మళ్ళీ వేసింది. లోపల ఏదో గాజు సామాను పగిలిన చప్పుడైంది. అప్పుడతనికి గోడగూట్లో రిమోటు కనిపించింది. వచ్చి వాలిన వేడిని మళ్ళీ పట్టుకోవచ్చన్న మాట గుర్తొచ్చింది. ఎప్పటికి అని ఆలోచించలేదు. చక్రం ఎంతవరకు తిరుగుతుందో అంతవరకు తిప్పి మీట నొక్కాడు. ఎంత దూరం పోతే అంత దూరం పో.

తలుపు చల్లబడింది. రుబ్బురోలు పొత్రం తెచ్చి, పక్కింటాయన సాయంతో గడియ విరగ్గొట్టి లోపలికి వెళ్ళేసరికి గది హాయిగా ఉంది. హైమ గడపకి మూరెడు దూరంలో బోర్లా పడి ఉంది. పిల్లని మంచం కింద, తడిపిన తువ్వాలులో చుట్టి పెట్టింది. పిల్ల ఒళ్ళు జామపండు లోపలి రంగులో ఉంది. పెదవులు కదుపుతోంది, గొంతు రావడం లేదు.

ఆస్పత్రి నడవాలో నిలబడి ఉండగానే చీకటి పడింది. అప్పుడు పిల్లల వార్డులోంచి గొంతు వచ్చింది, సన్నగా, కోపంగా. హైమకి సెలైను ఎక్కుతోంది, తెలివి వచ్చింది. ఇద్దరికీ గండం తప్పిందని డాక్టరమ్మ చెప్పి, "చంటిపిల్లని అంత ఉక్కలో పెడతారా అమ్మా, చదువుకున్నవాళ్ళు కదా" అని కూడా చెప్పి వెళ్ళింది.

తులసి నడవా చివర రిమోటు పట్టుకుని నిలబడి ఉంది.

"పుష్యం రాలేదు కదే" అన్నాడు పాండురంగం.

"రాలేదు. కానీ అది అమావాస్యలు లెక్కపెట్టుకుంటూ పోయింది బాబాయ్. ఈ ఏడు రెండు శ్రావణాలు. అధికమాసం. ఒక నెల ముందే దిగింది. చైత్రపు వేడి ముందు, వైశాఖానిది తర్వాత, ఇవాళ రోహిణికార్తెది. మూడు నెలలది ఒక నెలలోకి కుక్కాం, అందుకే అంత."

అధికశ్రావణం. ముహూర్తాలు లేవని గుడివాడ షోరూము ప్రారంభం తనే ఆపాడు. డీలరుకి ఫోను చేసి, 'అధికం కదయ్యా, అధికప్రసంగం వద్దు' అని జోకు కూడా వేశాడు. పక్కనే ఉన్న రిమోటు మాత్రం తట్టలేదు.

"బాబాయ్, నువ్వు ఎప్పటికి పంపావు?"

"దూరంగా."

తులసి రిమోటు చూపించింది. "చివరిదాకా తిప్పావు. మన చంటిది కాలేజీకి వెళ్ళే ఏడు వస్తుంది. వైశాఖంలో. ఇవాళ్టి మిగతా రోహిణి అంతా. ఆ రోజుండే ఎండ మీద అదనంగా."

పాండురంగం అద్దంలోంచి లోపల పిల్ల కాళ్ళు తన్నుకోవడం చూస్తూ నిలబడ్డాడు.

మరుసటి వారం డైరెక్టర్ల మండలి కూర్చుంది. పేరుకి తగ్గట్టే మండింది. రాఘవులు కాగితాలు పరిచాడు.

"సార్, అమ్మాయిగారికి అలా జరగడం మాకందరికీ బాధే. కానీ తప్పు యంత్రంలో లేదు, క్యాలెండరులో ఉంది. అధికమాసాలు కూడా లెక్కలో పెట్టమని దానికి చెప్తే సరి. తులసిగారు ఒక్కపూటలో దిద్దేస్తారు."

"దిద్దాను కూడా" అంది తులసి. "ఇక అలా జరగదు. నేను తప్పు చెయ్యలేదని కాదు. కానీ ఇది నా పదేళ్ళ పని బాబాయ్."

"క్యాలెండరు దిద్దావమ్మా. నా వేలు దిద్దగలవా?" అన్నాడు పాండురంగం. ఆ గదిలో అతని గొంతు అంత చిన్నగా ఎవరూ ఎప్పుడూ వినలేదు. "ఆ మీట నొక్కేటప్పుడు, ఆ వేడి తిరిగొచ్చే రోజు ఆ గదిలో ఎవరుంటారని నేను ఆలోచించలేదు. మళ్ళీ ఆ తలుపు ముందు నిలబెడితే మళ్ళీ అదే నొక్కుతాను. ఏ తండ్రైనా నొక్కుతాడు. తండ్రే కానక్కర్లేదు. పుష్యంలో కాస్త ఉక్కపోస్తే చాలు, ఇంకో ఏడాదికి తోసేద్దామనిపిస్తుంది. ఆ ఏడు వచ్చాక ఇంకొకడు ఇంకా ముందుకి తోస్తాడు. మన ఫిట్టరు ఎవరింటికి వెళ్ళి అడగాలి రాఘవులూ? అడగాల్సినవాళ్ళు ఇంకా పుట్టలేదు."

"బుకింగులు సార్."

"వెనక్కి ఇచ్చెయ్యండి. క్షమాపణ నేను చెప్తాను, ఊళ్ళు తిరిగి. గొంతుంది కదా."

తులసి లేచి వెళ్ళిపోయింది. సాయంత్రం పాండురంగం ప్రయోగశాలకి వెళ్తే, ఇనప పెట్టె ముందు స్టూలు మీద కూర్చుని ఉంది, ఒడిలో స్క్రూడ్రైవరుతో. ఒక పక్క మూత ఊడదీసింది. మిగతావి ఊడదీయలేక ఆగిపోయింది.

"ఇది పనిచెయ్యకపోయి ఉంటే ఊరుకునేదాన్ని" అంది.

"తెలుసు. పనిచేసింది. చాలా బాగా పనిచేసింది." పాండురంగం పక్కన కూర్చుని ఇంకో స్క్రూడ్రైవరు అందుకున్నాడు. ఇద్దరూ నిదానంగా ఊడదీశారు. ఏ భాగం ఎందుకు పెట్టిందో ఆమె చెప్తూ ఉంది, అతను వింటూ ఉన్నాడు.

హైమ ఆస్పత్రి నుంచి ఇంటికి వచ్చింది, కానీ నడిమిగది గడప తొక్కలేదు. అల్లుడు వచ్చి తీసుకువెళ్ళే రోజు, పిల్లని భుజాన వేసుకుని ఆ తలుపు దగ్గర ఆగింది. విరిగిన గడియ ఇంకా వేలాడుతోంది.

"నాన్నా, నువ్వు నొక్కకపోతే మేం లేం. అది నాకు తెలుసు. నీ మీద కోపం లేదు. కానీ ఆ వేడి తిరిగొచ్చే రోజు ఈ గదిలో ఎవరుంటారు?"

"ఎవరూ ఉండరమ్మా. తాళం వేసి ఉంచుతాం."

"అప్పటికి నువ్వుంటావా?"

"ఉంటే ఉంటాను."

"ఇల్లు మనదే ఉంటుందా?"

పాండురంగం విరిగిన గడియ కేసి చూశాడు. ఇల్లు అమ్ముడుపోవచ్చు. అద్దెకి ఇవ్వచ్చు. కొత్తగా వచ్చినవాళ్ళు, నడిమిగది ఎంత బాగుందో అని పిల్లల మంచం వేసుకోవచ్చు. గోడ మీద బోర్డు పెడితే సున్నం వేస్తారు. చెప్తే మర్చిపోతారు. అధికమాసాన్ని తనే మర్చిపోయాడు.

"వాళ్ళకెవరు చెప్తారు నాన్నా?" అంది హైమ. నిష్ఠూరంగా కాదు, నిజంగా తెలుసుకోవాలని.

ఆమె బండి సందు మలుపు తిరిగేదాకా అరుగు మీద నిలబడి, పాండురంగం తాపీమేస్త్రి వీర్రాజుకి ఫోను చేశాడు.

వీర్రాజు వచ్చి నడిమిగది పైకప్పు కేసి చూశాడు. పిచ్చయ్య వేయించిన మద్రాసు మిద్దె. టేకు దూలాలు, వాటి మీద నిలువుగా పేర్చిన చిన్న ఇటుకలు, పైన సున్నం. ఒక్క చుక్క కారింది లేదు.

"ఎంత మేర తియ్యమంటారు బాబూ? గాలికోసం కిటికీ అంతా?"

"మొత్తం."

"మొత్తం అంటే గది ఉండదండీ."

"గది ఉండకూడదు. మళ్ళీ ఎవరైనా కప్పు వేద్దామన్నా నిలవకుండా గోడలు కూడా నడుము ఎత్తుకి దించెయ్."

అనసూయ వంటింటి గుమ్మంలో నిలబడి వింది. పెళ్ళై వచ్చిన నాటి నుంచి ఆమె పడుకున్న గది. "ఊరంతా ఏమనుకుంటుందండీ" అంది.

"అనుకోనీ."

"ఇంటి మధ్యలో ఎండ పడుతుంది."

"అక్కడ పడాల్సిన ఎండే అది. ముందునుంచే అలవాటు చేద్దాం."

ఆమె లోపలికి వెళ్ళిపోయింది. కాసేపటికి చాటలో మేకులు, సుత్తి పట్టుకుని వచ్చి, గోడకి ఉన్న పటాలు ఒక్కొక్కటే దించడం మొదలుపెట్టింది.

ఆ ఏడు ఎండలు ముదిరేసరికి మంచుకొండవారి ఇంటి నడుమ ఆకాశం వెలిసింది. రాఘవులు వేరే కంపెనీకి వెళ్ళిపోయాడు. తులసి వెళ్ళలేదు. మామూలు ఏసీల్లో తక్కువ కరెంటు తాగేది తయారుచేస్తానని కూర్చుంది, అది అంత గొప్ప పనేమీ కాదని విసుక్కుంటూనే. డీలర్లు ఇంటికి వచ్చినప్పుడు, ఏసీల యజమాని ఇంట్లో కప్పులేని గదేమిటని అడిగేవారు. పాండురంగం గొంతు సవరించుకునేవాడు. ఏదో ఒక విరుపు నాలుక చివరిదాకా వచ్చేది. దాన్ని మింగేసి జరిగింది జరిగినట్టు చెప్పేవాడు, మొదటినుంచీ.

హైమ పిల్లని తీసుకుని వచ్చింది. నడిమిగది ఉన్నచోట నిలబడి తలెత్తి చూసింది. చాలాసేపు చూసి, పిల్లని నేల మీదకి దించింది. అది ఎండ పడిన గచ్చు మీద అరచెయ్యి పెట్టి, వెచ్చదనానికి ఆశ్చర్యపోయి, తీసి, మళ్ళీ పెట్టింది. తర్వాత దోగాడుతూ నేరుగా ఎండ మధ్యలోకి వెళ్ళి కూర్చుంది.

అనసూయ విసనకర్ర తెచ్చి ఇచ్చింది. పాండురంగం దాన్ని పక్కన పెట్టి, పంచె ఎగగట్టి, పిల్ల నెత్తిన తన నీడ పడేటట్టు సూర్యుడికి వీపు చేసి కూర్చున్నాడు. పిల్ల జరిగినప్పుడల్లా అతనూ జరిగాడు. చెమట మెడ మీద నుంచి కారుతోంది. తుడుచుకోలేదు.